క్వేకరుల కూటపుటిండ్లు

మనదేశమున చరిత్ర వ్రాయబూనువారు మొట్టమొదట దేవాలయములకు పోవుదురు. స్తంభములమీదను ప్రాకారములమీదను చెక్కిన దానశాసనములే రాజుల పేళ్లను, కాలమును, సుంకములను, గ్రామముల పొలిమేరలను మనకు తెలుపుచున్నవి. ఈ యలవాటు గల చదువరి యింగ్లండుదేశమునందలి క్వేకరుల కూటపుటింటిని చూడబోయినచో నాశాభంగము పొందును. అందు వేదిక లేదు, శిఖరము లేదు, గంట లేదు, విగ్రహము లేదు, దాత పేరు లేదు. సున్నము పూసిన నాలుగు గోడలు, కొన్ని కఱ్ఱబల్లలు, నడుమ నొక చెక్కతెర, ఒక్కొకచో ద్వారముపై సంవత్సరము మాత్రము చెక్కిన ఱాయి, ఇంతియే. అయినను ఆ బల్లల వరుసయు, ఆ తెరయు, ఆ తలుపు గడియయు చదువనేర్చినవానికి శాసనములకంటె తక్కువ చెప్పవు. స్థలమునకు పవిత్రత లేదనిన యొక సమాజము తాను కట్టుకొన్న యిండ్లలో తన గుణమును, దోషమును గూడ నెట్లు నిలిపిపోయినదో యిందు పరిశీలింపబడును.

క్వేకరు అనగా వణకువాడు. ఈ పేరు వారు పెట్టుకొన్నది కాదు. సమాజమునకు మూలపురుషుడగు జార్జి ఫాక్సు 1650లో డర్బీ పట్టణమున న్యాయాధికారి యెదుట నిలిచి, దేవుని వాక్యమునకు వణకుమని యాయనకే బోధింపగా, ఆ యధికారి యెగతాళికి పెట్టిన పేరిది. వారు తమ్ము మిత్రులనియు, తమ సంఘమును మిత్రసమాజమనియు చెప్పుకొందురు. ఫాక్సు 1624లో లీసెస్టరుషైరులోని ఫెన్నీ డ్రేటను గ్రామమున నేతగాని యింట పుట్టి, చెప్పులు కుట్టువానియొద్ద పని నేర్చినవాడు. ప్రతిమనుష్యుని హృదయమునందును దైవప్రకాశము కలదనియు, దానిని తెలిసికొనుటకు జీతము పుచ్చుకొను పురోహితుడు గాని, ప్రత్యేకమైన స్థలము గాని యక్కఱలేదనియు నాతని బోధ. చర్చి యనగా భక్తుల సమూహమే కాని ఱాళ్ల కట్టడము కాదని చెప్పి, కట్టడమును వీరు శిఖరపుటిల్లనియే పిలిచిరి. 1652 జూనులో వెస్టుమర్లండు సమీపమున ఫర్బాంకు కొండమీద ఫాక్సు బోధించినపుడు ప్రక్కనే చిన్న ప్రార్థనాలయముండెను. ఆయన లోనికి పోక, బయటనున్న బండపై నిలిచి వేయిమంది కించుమించుగా నున్న సభతో మాటలాడెను. ఆ యాలయపు నేలకంటె ఈ కొండనేల తక్కువ పవిత్రము కాదని యాతని యభిప్రాయము.

కావున మొదట వీరికి ప్రత్యేకముగా నిండ్లు లేవు. రైతుల ధాన్యపుకొట్లలో, సావిళ్లలో, తోటలలో కూడిరి. ఉత్తరమున న్యాయమూర్తి థామసు ఫెల్లుగారి స్వార్తుమూరు భవనపు పెద్ద సావడి వారికి చిరకాలము కూటస్థలమయ్యెను. ఫెల్లు సమాజమున చేరలేదు గాని, ఆయన భార్య మార్గరెట్టు చేరి, అండగా నిలిచెను; భర్త 1658లో గతించిన పిమ్మట, 1669లో ఫాక్సును వివాహమాడెను.

1660లో రెండవ చార్లెసు సింహాసన మెక్కిన పిమ్మట కష్టకాలము వచ్చెను. 1662లో క్వేకరులమీదనే యొక శాసనము పుట్టెను. ప్రమాణము చేయ నిరాకరించుటయు, పదునాఱేండ్లు దాటినవారు అయిదుగురో యంతకెక్కువమందియో కూడి తమ రీతిని ఆరాధించుటయు నేరములయ్యెను. 1664లో మఱియొక శాసనము ఇంటివారు గాక అయిదుగురికి మించి కూడరాదనెను. మూడవసారి పట్టుబడినవారికి దేశాంతరవాసము శిక్ష. 1670లో వచ్చినది వీనికంటె తెలివైనది. కూటమునకు వచ్చినవానికి 5 షిల్లింగులు, బోధించినవానికి 20 పౌనులు, ఇల్లిచ్చినవానికి 20 పౌనులు జరిమానా. వసూలైన ధనములో మూడవపాలు సమాచారము తెచ్చిన వేగులవానికి. ద్వేషము లేనివానిని గూడ ఆశ పనిలో దింపును గదా. చెఱసాలలలో మరణించిన క్వేకరులు 400 మందికి పైగా నుందురు. వీరి బాధలను ఊరూరను లెక్కవ్రాసి దాచుటకై 1675 ప్రాంతమున లండనులో నొక సంఘమే యేర్పడెను. ఆ లెక్కలనుండి జోసెఫు బెస్సె 1753లో రెండు పెద్ద సంపుటములను ప్రకటించెను.

ఈ కాలపు వృత్తాంతములలో మూడింటిని మాత్రము చెప్పెదను. ఇతరభిన్నమతస్థులలో పెక్కండ్రు రాత్రివేళల రహస్యముగా కూడుచుండగా, క్వేకరులు నియమితదినమున పట్టపగలే తలుపులు తెఱచి కూడిరి. 1670లో లండనులోని హార్సిలీడౌను కూటపుటింటిని పడగొట్టుటకు రాజాజ్ఞ యయ్యెను. ఆ పని రాజుగారి కట్టడముల యధికారియైన క్రిస్టఫరు రెన్నునకు వచ్చెను. 1666 నాటి మహాగ్నిలో కాలిన చర్చీలను తిరిగి కట్టి యాచంద్రార్కమైన కీర్తి గడించిన శిల్పి యాయనయే. గోడలు కూలిన తరువాత మిత్రులు వచ్చి ఆ యిటుకల కుప్పలమీదనే కూర్చుండిరి. సైనికులు కొట్టి చెదరగొట్టిరి; వారు మరల వచ్చిరి.

ఆ యేడే ఆగస్టు 14న గ్రేసుచర్చి వీథిలోని యింటికి సైనికులు తాళము వేసిరి. విలియం పెన్ను వీథిలోనే నిలిచి బోధించెను. ఆయనను, విలియం మీడును పట్టి విచారించిరి. పండ్రెండుగురు జూరీలు వారిని దోషులనుటకు సమ్మతింపలేదు. అన్నపానములు, చలిమంట లేక రెండు రాత్రులు బంధించినను వారు మాట మార్చలేదు. జరిమానా కట్టక చెఱసాలకు పోయిన బుషెలు అను జూరీ పెద్దకోర్టున మొఱపెట్టుకొనగా, తీర్పు నిమిత్తము జూరీలను శిక్షింపరాదని ప్రధానన్యాయమూర్తి వాన్ తీర్మానించెను. ఒక యింటి తాళమునుండి ఆ దేశపు న్యాయశాస్త్రమున కింతటి ఫలము కలిగెను.

మూడవది బ్రిస్టలు నగరమున 1682లో జరిగినది. పెద్దలందఱు చెఱసాల పాలు కాగా, పిల్లలే నియమము తప్పక కూటములు జరిపిరి. వారిని బెత్తములతో కొట్టిరి, తిట్టిరి, బంధించిరి. కూటము మాత్రము ఆగలేదు. ఇల్లు పోయినను, తాళము పడినను, పెద్దలు పోయినను కూటము నిలిచినది. ఫాక్సు బోధకు దీనికంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

1689లో మతసహనశాసనము వచ్చెను. కూటస్థలమును అధికారులయొద్ద నమోదు చేయించుకొనవలయును. కూటము జరుగునపుడు తలుపులకు గడియ వేయరాదు. లోపల రాజద్రోహము జరుగునేమో యను భయముచేత చేర్చిన నియమమది. ఏ తలుపులను తెఱచి యుంచినందుకు వీరు దెబ్బలు తినిరో, ఆ తలుపులను తెఱచియే యుంచవలయునని ఇపుడు శాసనము నిర్బంధించెను!

ఇండ్లు మాత్రము 1689కి పూర్వమే లేచుచుండెను. హార్టుఫర్డులోనిది జరిమానాల శాసనము పుట్టిన 1670లోనే కట్టబడి, నేటికిని కూటములకు వినియోగపడుచున్నది. సెడ్బరు సమీపమున బ్రిగుఫ్లాట్సు అను పల్లెలోనిది 1675 నాటిది. చూచుటకు రైతు కొంప వలెనే యుండును. మందపు ఱాతిగోడలు, చిన్న కిటికీలు. లోపల మేడమెట్ల మొదట నొక చిన్న చెక్కదొడ్డి కలదు. గొఱ్ఱెలకాపరులు కుక్కలతో వచ్చెడివారు గనుక వానిని కట్టిపెట్టుట కది. ఒక కులీనుని సమాధికంటె ఈ కుక్కలదొడ్డి నాకు చరిత్ర నెక్కువగా చెప్పుచున్నట్లు తోచును. ఆ బల్లలమీద కూర్చుండినవా రెవరో దీనివలన తెలియుచున్నది. బకింగుహాంషైరులోని జోర్డన్సు ఇల్లు 1688 నాటిది. 1718లో గతించిన పెన్ను సమాధి యక్కడనే. సమాధులపై ఱాళ్లు నిలుపరాదని 1717లో సమాజము కట్టడి చేసియుండుటచే, అక్కడి చిన్న ఱాళ్లు 19వ శతాబ్దమున పెట్టినవి. 2005లో అగ్నిప్రమాదమువలన ఆ యింటి పైకప్పు చెడగా మరల బాగుచేసిరి.

ఇక లోపలి యమరిక. ఆరాధన మౌనముగా జరుగును. ప్రేరణ కలిగినవారు, పురుషులు గాని స్త్రీలు గాని, లేచి మాటలాడుదురు. లేనిచో ఎవరును మాటలాడకయే కూటము ముగియును. అందఱు సమానులైనను, ఒక గోడప్రక్క కొంచె మెత్తుగా, సభకెదురుగా బల్లలు వేసిరి. అవి బోధించువారును పెద్దలును కూర్చుండుటకు. పురోహితుని తొలగించిన సమాజము పెద్దపీటను తొలగింపలేకపోయెను. లండను మహాసభ బోధకుల పేళ్లను ప్రత్యేకముగా నమోదు చేయు నాచారమును 1924లో గాని విడువలేదు.

నడిమి తెర కథ వేఱు. స్త్రీలకు వేఱుగా కార్యకూటములుండవలయునని ఫాక్సు 1670 తరువాత పట్టుపట్టెను. ఆరాధనకు తెర నెత్తుదురు, వ్యవహారమునకు దించుదురు. అటు స్త్రీలు తమ లేఖకురాలిని పెట్టుకొని, వివాహానుమతులను, బీదలకు సాయమును స్వయముగా విచారించుచుండిరి. స్త్రీలకీ యధికారమేల యని విల్కిన్సను, స్టోరీ అను ఇద్దఱు పెద్దలు ఎదురు తిరిగి చీలిపోయిరి. తెర యడ్డమేయైనను, దాని వెనుక స్త్రీలు సభ నడుపుట నేర్చిరి. 1848లో అమెరికాలోని సెనెకా ఫాల్సునందు స్త్రీల హక్కుల సభను పిలిచిన అయిదుగురిలో నలుగురు క్వేకరులగుట కాకతాళీయము కాదు.

వ్యవహారపద్ధతియు చెప్పవలసినదే. ఊరికూటములు కలిసి మాసకూటము, అవి కలిసి త్రైమాసకూటము, పైన వార్షికమహాసభ. ఎచటను ఓట్లు లెక్కింపరు. లేఖకుడు సభాభిప్రాయమును గ్రహించి తీర్మానము వ్రాసి చదువును. అందఱు సమ్మతించినగాని యది నిలువదు. ఈ పద్ధతి సుగుణమును దోషమును అమెరికాలో కనబడినంత స్పష్టముగా మఱియెచటను కనబడదు.

గ్రేసుచర్చి వీథిలో బోధించిన పెన్నునకే 1681లో, తండ్రికి రావలసిన బాకీక్రింద, రాజు పెన్సిల్వేనియా భూమి నిచ్చెను. మిత్రు లచటికి తరలిరి. వారిలో బానిసలను కొన్నవారును కలరు. 1688లో జర్మనుటౌను మిత్రులు నలుగురు, వారిలో ఫ్రాన్సిసు డానియలు పాస్టోరియసు ఒకడు, మనుష్యులను కొని యమ్ముట యన్యాయమని యొక పత్రము వ్రాసిరి. అపుడు వారికి కూటపుటిల్లైనను లేదు. ఒకరి గృహముననే కూడుచుండిరి. మాసకూటము ఇది తమకు మించిన భారమని త్రైమాసకూటమునకు పంపెను. అది మహాసభకు పంపెను. మహాసభ ప్రక్కన పెట్టెను. 1738లో బర్లింగ్టను మహాసభలో మరుగుజ్జయిన బెంజమిను లే, పుస్తకమున దాచిన ఎఱ్ఱని పండ్లరసపు తిత్తిని కత్తితో పొడిచి, ఆ నెత్తుటిరంగును బానిసల యజమానులపై చిందించెను. ఆయనను బయటకు గెంటిరి. జాను వూల్మను అంత కోపము లేక, ఇంటింటికి తిరిగి మెల్లగా నచ్చజెప్పెను. 1758లో మహాసభ కదలెను. 1776లో బానిసల నుంచుకొన్నవారిని సమాజమునుండి తొలగించుటకు నిశ్చయించెను. పత్రమునకును తీర్మానమునకును నడుమ 88 సంవత్సరములు! అందఱి సమ్మతి కావలయునను నియమము అన్యాయము చేయువాని సమ్మతికై గూడ నిరీక్షించెను. ఈ జాప్యమును సౌమ్యతయని పొగడుట చరిత్రకారునికి తగదు.

1804లో ఫిలడెల్ఫియాలో ఆర్చి వీథి కూటపుటిల్లు లేచెను. బానిసత్వమును విడిచిన సమాజమది. అయినను అందు నల్లవారికి వేఱుగా నొక బల్ల యుండెను. నల్లజాతి యుపాధ్యాయిని సారా మ్యాప్సు డగ్లస్సు తల్లితో అక్కడకు పోవుచు, ఆ బల్లపై కూర్చుండిన యనుభవమును 1837 ప్రాంతమున లేఖలలో తెలిపినది. తెల్లవా రెవరైన పొరబాటున అచట కూర్చుండకుండ హెచ్చరించుటకు మనిషి కూడ నుండెనట. తీర్మానముల పుస్తకము 1776లో మాఱినను బల్లల వరుస మాఱలేదు. పుస్తకముతోపాటు బల్లలను గూడ చూడవలయుననుట ఇందులకే.

1827లో సిద్ధాంతభేదములచే ఫిలడెల్ఫియా మహాసభ రెండుగా చీలెను. ఆర్చి వీథి ఇల్లు ఒక పక్షమునకు దక్కగా, ఎలియాసు హిక్సు ననుసరించినవారు 1856లో రేసు వీథిలో వేఱొకటి కట్టుకొనిరి. పల్లెలలో గూడ పెక్కుచోట్ల ఒకటికి రెండిండ్లయ్యెను. 1955లో ఇరుపక్షములును కలిసినవి.

జర్మనుటౌను పత్రము చిరకాలము మఱుగున పడియుండి, 1844లో బయటపడి, మరల కానరాకపోయెను. 2005లో వెదకగా ఆర్చి వీథి కూటపుటింటి నేలమాళిగలోనే దొరకెను. ఇపుడది హేవర్‌ఫర్డు కళాశాల గ్రంథాలయమున భద్రపఱుపబడియున్నది.