లాలాపేట: పూర్వోత్తరపద విచారణ

హైదరాబాదు నగరానికి తూర్పున తార్నాక, మౌలాలి, నాచారం ప్రాంతాల నడుమ ఉన్న జనావాసం లాలాపేట. నామఫలకాలపై ఈ పేరు తరచుగా ‘లాలాపేట్’ అని పొల్లుతో కనిపిస్తుంది. తెలుగువారి నోట అది ‘లాలాపేట’. ఈ రెండు రూపాలకు భేదం ఒక్క అచ్చు మాత్రమే. అయినా పేరులోని రెండు పదాలు ఏ భాషల నుండి వచ్చి కలిశాయో విచారించినప్పుడు ఆ అచ్చుకున్న విలువ తెలుస్తుంది.

ఉత్తరపదమైన ‘పేట’ దక్షిణాది భాషలకు ఉమ్మడి సొత్తు. కన్నడంలో ‘పేటె’, తమిళంలో ‘పేట్టై’, మరాఠీలో ‘పేఠ్’ ఉన్నాయి. కోట పాలకుల స్థానం కాగా, పేట వర్తకులూ వృత్తికారులూ నివసించే చోటు. బెంగళూరు పాతనగరంలోని పేటలు, పుణెలో వారాల పేర్లతో వెలసిన శనివార్, బుధవార్ మొదలైన పేఠ్‌లు ఈ అర్థానికే నిదర్శనాలు.

పూర్వపదం విషయంలో అనేకార్థాలు ఎదురవుతాయి. సంస్కృతంలో ‘లాలా’ అంటే చొంగ. తెలుగులో లాలాజలమన్న సమాసం దీని నుండి ఏర్పడినదే. స్థలనామానికి ఈ అర్థం పొసగదు. ‘లాల్’ అంటే ఎరుపు గనుక ఎర్రని పేట అనవచ్చునా? పాతనగరంలోని లాల్‌దర్వాజాలో ఆ విశేషణం హలంతంగానే నిలిచింది. లాలాపేటలోని దీర్ఘానికి ఆ వ్యుత్పత్తి కారణం చూపలేదు. పారసీకంలో ‘లాలా’ తులిప్ పువ్వు. ఒట్టోమన్ చరిత్రలో 1718–1730 నడిమి కాలాన్ని తులిప్ యుగమని పిలవడానికి మూలం ఈ పదమే. అయితే ఆ పువ్వు దక్కను నేలకు చెందినది కాదు.

ఇక మిగిలినది గౌరవవాచకం. ఒట్టోమన్ ఆస్థానంలో రాకుమారుల సంరక్షక గురువును ‘లాలా’ అనేవారు. పష్తో భాషలో అది అన్నను పిలిచే పిలుపు. ఉత్తర భారతంలో కాయస్థులకూ ఖత్రీలకూ వర్తకులకూ బిరుదు. పువ్వును, బిరుదును ఉర్దూలో ఒకే విధంగా రాస్తారు కనుక లిపి ఒక్కటే నిర్ణాయకం కాజాలదు. ఇతర నామాలతో పోల్చి చూడడమే మార్గం.

ఈ పోలికకు మూడు ఆధారాలున్నాయి. మొదటిది, పొరుగునే లాలాగూడ ఉండడం. ఒకే పూర్వపదం ‘పేట’తోనూ ‘గూడ’తోనూ చేరింది. హబ్షీల పేరిట హబ్సిగూడ ఏర్పడినట్లే ఇక్కడా పూర్వపదం మనుషులను సూచిస్తున్నదనుకోవడం సమంజసం. రెండవది, గుంటూరులో ఒక లాలాపేట, తమిళనాడులోని కరూర్ జిల్లాలో ఒక లాలాపేట్టై ఉండడం. ఇంత దూరదూరాన ఉన్న పేర్లను ఒక్క ఊరి ఐతిహ్యం సమర్థించలేదు. అంతటా వ్యాపించిన బిరుదు సమర్థించగలదు. మూడవది, బేగంపేటలో వలె వ్యక్తినామం లేకుండా గౌరవవాచకమే ఊరిపేరుగా నిలిచే సంప్రదాయం ఈ నగరంలోనే ఉండడం.

సామాజిక చరిత్ర కూడా దీనికి అనుకూలమే. నిజాం పాలనలో లెక్కలు, దస్తావేజులు, రెవెన్యూ వ్యవహారాలలో ఉత్తరాది నుండి వచ్చిన కాయస్థులు, ఖత్రీలు ప్రముఖులు. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో రాజ్య వ్యవహారాలను నడిపిన మహారాజా చందూలాల్ ఖత్రీ. హైదరాబాదు కాయస్థుల చరిత్రపై కారెన్ లెనర్డ్ 1978లో ఒక గ్రంథమే వెలువరించారు. కావున ‘లాలా’ పారసీక పాలనాభాష వెంట దక్కనుకు వచ్చిన బిరుదనీ, దేశిపదమైన ‘పేట’తో కలిసి ఊరిపేరైనదనీ నిర్ధారించవచ్చు.

ఇప్పుడు పొల్లు సంగతి. తెలుగు ప్రధానంగా అజంతభాష. ‘పేట’ ఉర్దూ ఉచ్చారణలో తుది అచ్చును కోల్పోయి ‘పేట్’ అయింది. ఆంగ్ల లేఖనం దానిని స్థిరపరచింది. అక్కడి నుండి తిరిగి తెలుగు ఫలకం మీదికి హలంతంగానే చేరింది. ఇంటి మాట పొరుగు వేషంలో ఇల్లు చేరినట్లయింది. ఉర్దూలో ‘పేట్’ అంటే పొట్ట కూడా. అచ్చు ఉన్నప్పుడు అది అంగడి వీధి. పోయినప్పుడు అర్థం చెదిరిన శబ్దం. ‘లాలా’లోని పారసీక దీర్ఘాన్ని భద్రంగా నిలుపుకొన్న మనం ‘పేట’లోని సొంత అచ్చును వదులుకోవడం న్యాయం కాదు. తెలుగు ఫలకాలపై ‘లాలాపేట’ అని రాయడం ఉచ్చారణకూ చరిత్రకూ విధేయమైన లేఖనం.