ఆపిల్ తోటల ఊళ్ళో ఇంటి లోను

ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూలన ఉన్న బెంటన్‌విల్‌లో ఇంటి లోన్ల కాగితాలు చూడడం నా ఉద్యోగం. ఇల్లు కొనాలనుకున్న తెలుగువాళ్ళు ముందు అడిగేది ఒకటే: "అక్కా, యూఎస్‌డీఏ లోనుకు డౌన్ పేమెంట్ అక్కర్లేదంట కదా, మాకొస్తుందా?" యూఎస్‌డీఏ అంటే అమెరికా వ్యవసాయ శాఖ. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ లోను రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు వీలుంది గానీ, ఇంటిల్లిపాది ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం మించకూడదు. అది కుదిరినా, ఇల్లున్న చోటు పల్లెప్రాంతమని ప్రభుత్వం లెక్కగట్టి ఉండాలి. అందరూ నీరుగారిపోయేది ఇక్కడే. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న చోట పల్లె ఎక్కడిదని అడుగుతారు.

ఉండేది. 1881లో ఫ్రిస్కో రైలు ఈ ఊరిని వదిలేసి పక్కన రోజర్స్ మీదుగా పోయింది. అయినా ఈ చుట్టుపక్కల నేలంతా ఆపిల్ తోటలే. 1901లో ఆపిల్ పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఇక్కడ పుట్టిన ఆర్కన్సా బ్లాక్ అనే రకం దాదాపు నల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది. కోసిన వెంటనే కొరికితే పళ్ళు నొప్పిపుడతాయి. కొన్ని నెలలు చల్లగా దాచితే తియ్యబడుతుంది. మొదటిసారి తిన్నప్పుడు నాకు పులివెందుల దగ్గర మా నాన్న చీనీ తోట గుర్తొచ్చింది. పురుగు, తెగులు, మందుల ఖర్చు, 1930ల మాంద్యం కలిసి ఇక్కడి తోటల్ని దెబ్బతీశాయి. తర్వాత రైతులు కోళ్ళ పెంపకం వైపు మళ్ళారు.

1949లో అమెరికా గృహనిర్మాణ చట్టం తెచ్చింది. ఇప్పటి యూఎస్‌డీఏ లోనుకు మూలమైన, పల్లెలో ఇంటికి అప్పిచ్చే ఏర్పాటు అందులోదే. అప్పుడది పొలం ఉన్నవాళ్ళకు మాత్రమే. ఆ పొలం ఏడాదికి కనీసం 400 డాలర్ల పంట తీయాలి, అదీ 1944 ధరల్లో. మరెక్కడా అప్పు పుట్టనివాళ్ళకే ఇచ్చేవారు. మా నాన్నకు తోట మీద అప్పు పుట్టింది గానీ, మేం ఉన్న మట్టిమిద్దె మీద ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అందుకే పొలం ఉందని ఇల్లు కట్టుకోవడానికి అప్పిచ్చిన ఆ చట్టం మీద నాకు గౌరవం. కాకపోతే కోళ్ళ షెడ్డులో కూలి చేసేవాడికీ, కొట్లో గుమాస్తాకూ అందులో చోటు లేదు. వాళ్ళకు 1961లో గానీ తలుపు తెరుచుకోలేదు.

తలుపు తెరిచాక, ఊరి జనాభా ఇంతకు మించకూడదన్న హద్దు వచ్చింది. 1965లో దాన్ని 5,500 దాకా పెంచారు. వాల్‌మార్ట్ స్థాపకుడు సామ్ వాల్టన్ ఇక్కడి చౌకులో కొట్టు పెట్టిన 1950లో బెంటన్‌విల్ జనాభా 2,942. 1970 లెక్కల్లో 5,508. ఎనిమిది మంది ఎక్కువ! అదే ఏడాది హద్దును 10,000కు పెంచారు. 1990లో ఊరు 11,257కు చేరి దాన్నీ దాటేసింది. అంతకు మించిన ఊళ్ళకు 20,000 దాకా వీలుంది గానీ, అవి మెట్రో ప్రాంతంలో ఉండకూడదు. మాది మెట్రోలో కలిసిపోయింది. పూర్వం పల్లెగా గుర్తింపు ఉన్న ఊళ్ళకు ఇచ్చే సడలింపును 2014లో 35,000 దాకా పెంచారు. 2010 లెక్కల్లో మా ఊరు 35,301. ఈ అంకెలు చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. మూడు వందల మంది పెరిగితే జీతాలు పెరుగుతాయా?

2020కి మా జనాభా 54,164 అయింది. ఇప్పుడు మనవాళ్ళ చూపు పక్కనున్న సెంటర్టన్ మీదుంది. అదీ ఒకప్పటి ఆపిల్ ఊరే. 1990లో 491 మంది, 2020లో 17,792; ఆ 35,000 సడలింపు లోపే. హద్దులు ఊరి పేరుతో కాక మ్యాపులో గీసి ఉంటాయి, వీధి మారితే జవాబు మారవచ్చు. అందుకే ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే, కొనాలనుకున్న ఇంటి పూర్తి అడ్రసు తెచ్చుకొమ్మంటాను. 2030 జనాభా లెక్కల తర్వాత ఆ మ్యాపును మళ్ళీ గీస్తారు.