అనుభవానికి అర్హతాపత్రం: సంరక్షణ వృత్తుల్లో పూర్వానుభవ గుర్తింపు – చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– సంరక్షణ వృత్తుల్లో అనుభవాన్ని అర్హతగా గుర్తించే పద్ధతి ఎప్పుడు, ఎందుకు మొదలైందో వివరించగలుగుతారు.
– ఇంగ్లండ్, ఫ్రాన్స్, భారతదేశాల్లో ఈ గుర్తింపు తీసుకున్న రూపాలను పోల్చగలుగుతారు.
– ఇటువంటి పథకాన్ని అంచనా వేయడానికి ఏ ప్రశ్నలు అడగాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

మంచం పట్టిన ముసలామెను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. మింగడం కష్టమైన రోగికి పడుకున్నచోటే గంజి తాగించకూడదు, లేపి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పట్టాలి. పదేళ్లు ఆయాగా పనిచేసిన మనిషికి ఈ సంగతులు చెప్పనక్కర లేదు. అయితే ఆమె చేతిలో కాగితం లేదు. ఆసుపత్రి లెక్కల్లో ఆమె 'నైపుణ్యం లేని' కార్మికురాలు. ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఏదో ఒక కోర్సు ధ్రువపత్రం తెచ్చుకున్న అమ్మాయి 'నైపుణ్యం ఉన్న' కార్మికురాలు అవుతుంది.

ఈ తేడాను సరిచేయడానికి వచ్చిన విధానాన్ని ఇప్పుడు పూర్వాభ్యసన గుర్తింపు అంటున్నారు. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో 'ఆర్‌పీఎల్' అని కూడా వింటుంటారు. తరగతి గదిలో కాక పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించి అర్హత ఇవ్వడమే దాని సారాంశం. ఇది కొత్త ఆలోచన అని చాలామంది అనుకుంటారు. నిజానికి దీనికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే, ఈనాటి పథకాలు ఇస్తున్నదేమిటో, ఇవ్వనిదేమిటో కూడా తెలుస్తుంది.

2. ఇంగ్లండ్: 1902 మంత్రసానుల చట్టం

పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా ఇంగ్లండులో పేద ఇళ్లలో కాన్పులు చేసింది ఎక్కువగా ఊళ్లోని అనుభవజ్ఞులైన స్త్రీలే. వారిలో చాలామంది ఏ పాఠశాలలోనూ చదవలేదు. తల్లి దగ్గరో, పొరుగింటి పెద్దామె దగ్గరో పని నేర్చుకున్నవారు. మరోవైపు, బాలింత జ్వరాలతో తల్లులు చనిపోతూనే ఉన్నారు. శుభ్రతా నియమాలు తెలిసిన మంత్రసానులు కావాలని 1881లో ఏర్పడిన మంత్రసానుల సంఘం ఉద్యమించింది. తమకు పోటీగా తక్కువ చదువు గల కొత్త వర్గం తయారవుతుందని వైద్యుల్లో చాలామంది వ్యతిరేకించారు.

చివరకు 1902లో పార్లమెంటు మంత్రసానుల చట్టం చేసింది. 1905 ఏప్రిల్ 1 నుంచి ధ్రువపత్రం లేనివారు మంత్రసాని అన్న పేరు వాడుకోకూడదు. 1910 ఏప్రిల్ 1 నుంచి, వైద్యుని ఆధ్వర్యంలో తప్ప, డబ్బు తీసుకుని అలవాటుగా కాన్పులు చేయనూ కూడదు.

ఇక్కడ చట్టం చేసినవారికి ఒక చిక్కు ఎదురైంది. శిక్షణ పొందినవారి సంఖ్య చాలా తక్కువ. మిగిలినవారందరినీ ఒక్కసారిగా నిషేధిస్తే పేద స్త్రీలకు కాన్పు చేసేదెవరు? అందుకే చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు. చట్టం వచ్చేనాటికి కనీసం ఒక సంవత్సరం నిజాయితీగా ఈ వృత్తిలో ఉండి, మంచి నడవడి గల స్త్రీ నిర్ణీత గడువులోగా దరఖాస్తు చేసుకుంటే, పరీక్ష లేకుండానే ఆమె పేరు జాబితాలో చేరుతుంది. 1905 నాటి జాబితాలో 22,000కు పైగా పేర్లున్నాయి. వాటిలో సగానికి మించి ఇలా అనుభవం మీద చేరినవే.

దీన్ని బట్టి మీరు ఒక విషయం గమనించాలి. ఈ గుర్తింపు అనుభవం మీద గౌరవంతో వచ్చింది కాదు. అవసరం కోసం వచ్చింది. అందుకే దానికి గడువు పెట్టారు. గడువు ముగియగానే తలుపు మూసేశారు. ఆ తరువాత ఈ వృత్తిలోకి రావాలంటే శిక్షణ పొంది, పరీక్ష రాయవలసిందే.

అనుభవం మీద చేరినవారికి కూడా ఆ తరువాతి కాలం సులువుగా గడవలేదు. చట్టం కింద ఏర్పడిన కేంద్ర మంత్రసానుల మండలి నియమాలు రాసింది. ఉతకదగిన బట్టలు కట్టుకోవాలి, సంచిలో ఫలానా సామగ్రి ఉండాలి, ప్రతి కాన్పునూ రిజిస్టరులో రాయాలి. స్థానిక పర్యవేక్షకులు వచ్చి సంచినీ, రిజిస్టరునూ, కొన్నిసార్లు ఇంటినీ తనిఖీ చేసేవారు. చదవను, రాయను రాని స్త్రీకి బిడ్డను బయటికి తీయడం కన్నా రిజిస్టరు నింపడమే కష్టమైంది. చేతిపనికి విలువ ఇచ్చిన చట్టమే దాన్ని కాగితం మీద చూపమని అడిగింది. అయితే ఆ నియమాల్లోని శుభ్రత వల్ల తల్లుల ప్రాణాలకు రక్షణ పెరిగిందన్న మాటను కూడా మనం పక్కన పెట్టకూడదు.

3. నర్సుల రిజిస్టరు: రెండు మెట్లు

ఇదే పద్ధతి నర్సుల విషయంలోనూ కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 1919 నవంబరు 1కి ముందు కనీసం 3 సంవత్సరాలు రోగుల సేవలో ఉండి, తగిన జ్ఞానం, అనుభవం ఉన్నవారిని 'ప్రస్తుత నర్సులు'గా రిజిస్టరులో చేర్చుకున్నారు. ఈ అవకాశం 1923లో ముగిసింది. 1925 నుంచి ప్రభుత్వ పరీక్షలు మొదలయ్యాయి.

రిజిస్టరు వెలుపల ఉండిపోయినవారు మాయమైపోలేదు. వృద్ధులూ దీర్ఘరోగులూ ఉండే వార్డుల్లో పనిచేస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుల కొరత తీవ్రమైనప్పుడు ప్రభుత్వానికి వారు గుర్తొచ్చారు. 1943 చట్టం సహాయక నర్సుల కోసం వేరే జాబితా తెరిచింది. అప్పటికే పనిచేస్తున్నవారు తమ అనుభవం చూపి అందులో చేరవచ్చు. కానీ అది రిజిస్టరుకు ఒక మెట్టు కింద ఉన్న జాబితా. గుర్తింపు దక్కింది, దానితోపాటు తక్కువ స్థాయి కూడా చట్టబద్ధమైంది.

4. ఫ్రాన్స్: వెసులుబాటు నుంచి హక్కుకు

ఫ్రాన్స్ చరిత్ర మరో దారిలో నడిచింది. అక్కడ అనుభవానికి డిగ్రీ ఇవ్వడం ఇంజనీర్లతో మొదలైంది. 1934 నాటి చట్టం ప్రకారం, పరిశ్రమల్లో పనిచేస్తూ ఇంజనీరు పనిని నేర్చుకున్నవారు ప్రభుత్వ ఇంజనీరు పట్టాకు పోటీపడవచ్చు. 1985లో వచ్చిన ఉత్తర్వు విశ్వవిద్యాలయ ప్రవేశానికి అనుభవాన్ని పరిగణించింది. 1992 చట్టం 5 సంవత్సరాల అనుభవం ఉన్నవారికి పరీక్షలో కొన్ని భాగాల నుంచి మినహాయింపు ఇచ్చింది.

2002 జనవరి 17 నాటి చట్టంతో పెద్ద మలుపు వచ్చింది. కనీసం 3 సంవత్సరాల సంబంధిత అనుభవం ఉన్న ఎవరైనా, తరగతికి వెళ్లకుండానే, మొత్తం పట్టాను కోరవచ్చు. దీన్ని అందరికీ వర్తించే హక్కుగా రాశారు. గడువు తేదీ లేదు. ఇలా వచ్చిన పట్టాకూ, చదివి తెచ్చుకున్న పట్టాకూ విలువలో తేడా లేదు.

అదే సంవత్సరం, 2002 జనవరి 1 నుంచి, ఒంటరిగా బతకలేని వృద్ధులకు ప్రభుత్వం ప్రత్యేక భృతి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇళ్లకు వెళ్లి సేవ చేసే పనివారి అవసరం పెరిగింది. వారిలో అత్యధికులు పట్టాలు లేని స్త్రీలు. ఇంటివద్ద సంరక్షణ చేసేవారి కోసం ప్రభుత్వం 2002లోనే కొత్త పట్టాను ఏర్పాటు చేసి, అనుభవం ద్వారా కూడా దాన్ని పొందవచ్చునంది. ఆసుపత్రుల్లోని సహాయక నర్సు పట్టాకు కూడా కొద్ది సంవత్సరాల్లోనే ఈ దారి తెరిచారు.

ఈ విధానం ఎలా పనిచేస్తుందో చూడండి. అభ్యర్థి ముందుగా తన అనుభవానికి ఆధారాలు సమర్పించాలి. అర్హత ఉందని తేలాక రెండో పుస్తకం నింపాలి. అందులో తాను చేసిన పనిని సంఘటనలవారీగా వర్ణించాలి: ఏం జరిగింది, తాను ఏం గమనించింది, ఏం నిర్ణయించింది, ఎందుకు. ఆ తరువాత వృత్తిలో ఉన్నవారితో కూడిన న్యాయనిర్ణేతల ముందు మాట్లాడాలి. వారు పట్టా మొత్తంగా ఇవ్వవచ్చు, కొంత భాగమే ఇవ్వవచ్చు, నిరాకరించనూ వచ్చు.

ఇంగ్లండు మంత్రసాని రిజిస్టరులో చూసిన కష్టమే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. పనిలో దిట్ట అయిన మనిషి రాతలో దిట్ట కానవసరం లేదు. పదుల పేజీలు రాయలేక మధ్యలో ఆగిపోయేవారున్నారు. అందువల్ల కాలక్రమంలో నిబంధనలు సడలించారు. 2016లో అనుభవ కాలాన్ని ఒక సంవత్సరానికి తగ్గించారు. 2022 డిసెంబరు చట్టం కనీస కాలాన్నే తీసివేసి, ఇంట్లో తమవారికి సేవ చేసిన అనుభవాన్ని కూడా గుర్తింపు పరిధిలోకి తెచ్చింది. జీతం లేని ఇంటి చాకిరీని రాజ్యం అర్హతగా అంగీకరించడం చిన్న విషయం కాదు.

5. భారతదేశం: శిక్షణ ఉంది, హోదా లేదు

మన గ్రామాల్లో కాన్పు చేసినది మంత్రసాని. తెలుగు జిల్లాల్లో తరచుగా మంగలి కులానికి చెందిన స్త్రీలు ఈ పని చేసేవారు. కాన్పుకు అవసరం, మిగతా రోజుల్లో అంటరానితనానికి దగ్గరి చూపు. ఈ కుల సంబంధం వల్ల ఆమె జ్ఞానాన్ని జ్ఞానంగా కాక, ఆ కులానికి అప్పగించిన 'మైల పని'గా చూశారు. మన దగ్గర అనుభవ గుర్తింపు ఎందుకు ఆలస్యమైందో అర్థం కావాలంటే ఈ సంగతి మరువకూడదు.

1903లో లేడీ కర్జన్ చొరవతో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి దాయిలకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం, ముఖ్యంగా 1977 గ్రామీణ ఆరోగ్య పథకం కింద, దేశమంతటా గ్రామ దాయిలకు నెల రోజుల శిక్షణ, కాన్పు సామగ్రి ఇచ్చారు. అయితే ఆ శిక్షణ ఆమెను నర్సు హోదాకు చేర్చే మెట్టు కాలేదు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరి రెండు అంతర్జాతీయ సంస్థలు కలిసి చేసిన ప్రకటనలో, శిక్షణ పొందినా సరే, సంప్రదాయ మంత్రసాని 'నైపుణ్యం గల సహాయకురాలు' కాదని నిర్వచించారు. 2005లో జననీ సురక్షా యోజన రావడంతో కాన్పులు ఆసుపత్రులకు మళ్లాయి. తల్లుల మరణాలు తగ్గించడానికి అది అవసరమైన మార్పే. కానీ ఇంగ్లండులో 1902లో తెరిచినపాటి తలుపు కూడా మన మంత్రసానికి తెరుచుకోలేదు.

అనుభవ గుర్తింపు మన దేశంలో వేరే దారిన వచ్చింది. 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని 10 స్థాయిలతో ప్రకటించారు. 2016 నుంచి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండో దశలో పూర్వాభ్యసన గుర్తింపు ముఖ్య భాగమైంది. ఇంటివద్ద ఆరోగ్య సహాయకులు, ఆసుపత్రి సహాయకులు వంటి పనులకు ఆరోగ్యరంగ నైపుణ్య మండలి ప్రమాణాలు రూపొందించింది. కొద్ది గంటల పరిచయ తరగతి, ఆపై మూల్యాంకనం, గెలిచినవారికి ధ్రువపత్రం. ఆ దశలో ఉత్తీర్ణులకు 500 రూపాయల ప్రోత్సాహకం కూడా ఇచ్చారు. కానీ ధ్రువపత్రం చూపితే యజమాని ఇంత జీతం పెంచాలన్న నిబంధన ఆ పథకంలో లేదు.

6. చరిత్ర నేర్పే మూడు ప్రశ్నలు

పై మూడు దేశాల అనుభవం నుంచి మూడు ప్రశ్నలు తీసుకోవచ్చు.

మొదటిది: ఎవరు తీర్పు చెబుతున్నారు? మంచి పనినీ, అలవాటైన తప్పునూ వేరు చేయగల మనిషి కావాలి. పదేళ్ల అనుభవంలో పదేళ్ల పొరపాటు కూడా దాగి ఉండవచ్చు. బొడ్డుకోసిన చోట పేడ పూసిన అలవాటుకూ వెనుక ఏళ్ల అనుభవం ఉంది. అందువల్ల పరీక్షే వద్దనడం సరికాదు.

రెండోది: ఏ రుజువు అడుగుతున్నారు? చేతిపనిని రాతతో కొలిస్తే రాయగలిగినవారే గెలుస్తారు. పని చేస్తుండగా చూడడం, నోటితో చెప్పించుకోవడం కూడా రుజువులే.

మూడోది: ధ్రువపత్రం దేనికి పనికొస్తుంది? పై చదువుకో, పై మెట్టుకో, పెరిగిన జీతానికో దారి తీయకపోతే అది గోడకు వేలాడే పటమే.

ఈ ప్రశ్నలు మీకు దూరమైనవి కావు. 1982లో హైదరాబాదులో రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు, బడి ధ్రువపత్రాలు లేనివారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించారు. బడి మెట్లు ఎక్కని ఎందరికో అది తలుపు తీసింది. అయితే ఆ పరీక్ష కొలిచింది బడిలో నేర్పే తరహా జ్ఞానాన్ని. బట్టల మిల్లులో, పొలంలో, ఆసుపత్రి వార్డులో నేర్చినదాన్ని కొలిచే పని ఇంకా మిగిలే ఉంది.

7. సారాంశం

అనుభవానికి అర్హత ఇవ్వడం కొరత కాలంలో పుట్టిన వెసులుబాటుగా మొదలైంది. ఇంగ్లండులో అది గడువు ముగియగానే ఆగింది, లేదా తక్కువ మెట్టు వద్ద నిలిచింది. ఫ్రాన్సులో శాశ్వత హక్కుగా మారింది. మన దేశంలో మంత్రసానిని దాటిపోయి, కొత్త నైపుణ్య పథకాల్లో తిరిగి కనిపించింది. ఏ దేశంలోనైనా గుర్తింపు విలువ దానితో వచ్చే హోదా, వేతనం, పై చదువు మీద ఆధారపడింది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1902 చట్టంలో అనుభవజ్ఞులైన మంత్రసానులకు ఇచ్చిన వెసులుబాటుకు కారణాలేమిటి?
2. ఫ్రాన్సు 2002 చట్టం 1992 చట్టం కన్నా ఏ విధంగా భిన్నమైనది?
3. భారతదేశంలో దాయి శిక్షణ వృత్తి హోదాకు ఎందుకు దారి తీయలేదు? చర్చించండి.

అభ్యాసం: మీ ఊళ్లో గాని, మీ వీధిలో గాని వృద్ధులకో, రోగులకో సేవ చేసి జీవించే ఒకరితో మాట్లాడండి. ఆమె పని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో అడిగి, రెండు పేజీల్లో రాయండి. పేరు, చిరునామా రాయవద్దు. రాసినదాన్ని ఆమెకు చదివి వినిపించి, తప్పులుంటే సరిచేయమని అడగండి. ఆమె సరిచేసిన చోట్లను వేరే రంగు సిరాతో చూపండి. ఆమెకు తెలిసినదేదో, మీకు తెలియనిదేదో అక్కడ మీకే కనిపిస్తుంది.