కొండ తోటల రైతుకు ఏ కత్తి మంచిది? కొనే ముందు చూడవలసినవి

సింహాచలం, అడవివరం చుట్టుపక్కల కొండవాలు మీద అనాస, పనస, జీడిమామిడి, సంపెంగ పెంచే రైతులకు కత్తి లేకుండా రోజు గడవదు. ఈ మధ్య కొందరు యువ రైతులు ఫోనులో ప్రకటనలు చూసి ‘వేట కత్తి’, ‘సర్వైవల్ నైఫ్’ అనే పేర్లతో వచ్చే కత్తులు తెప్పించుకుంటున్నారు. వీపు మీద రంపపు పళ్లు, బోలు పిడి, అందులో దిక్సూచి, చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. పిడి బోలుగా ఉందంటే కత్తి తోక అందులోకి కొద్దిగానే దిగి ఉంటుంది. ఎండిన పనస కొమ్మ మీద నాలుగు వేట్లు పడగానే కదలడం మొదలవుతుంది. అలా వదులైన కత్తి ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేం. మన తోటలో దిక్సూచితో పనేముంది?

చిన్న రైతుకు మామూలుగా రెండు కత్తులు చాలు. ఒకటి కొమ్మలు, తుప్పలు నరకడానికి అడుగు పొడవు ఉన్న బరువైన కత్తి. బరువు మొన వైపు కాస్త మొగ్గి ఉండాలి, అప్పుడు వేటుకు బలం దానంతట అదే వస్తుంది, మోచేయి నొప్పి పుట్టదు. రెండోది నాలుగైదు అంగుళాల చాకు. అనాస పండును మెలితిప్పి లాగకుండా, ఈ చాకుతో 5 నుంచి 7 సెంటీమీటర్ల కాడ ఉంచి ఒక్క కోతతో తెంపితే పండు అడుగు నుంచి కుళ్లు తొందరగా పట్టదు. గడ్డికి కొడవలి ఎలాగూ ఉంటుంది. కొబ్బరి బోండాలు కొట్టేవారికి మాత్రం ఇంకా బరువైనది వేరే కావాలి.

ఇనుము ఎలా చూడాలి

పక్కనే ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కదా, ఇల్లు కట్టగా మిగిలిన కడ్డీ ముక్క ఇచ్చి కత్తి చేయించుకుందాం అని చాలామంది అడుగుతారు. ఆ పని చేయకండి. స్లాబుకు వేసే కడ్డీ విరగకుండా వంగాలని తయారుచేసినది, అందులో కర్బనం తక్కువ. దాని పైపొరకు మాత్రమే కొంత గట్టిదనం ఉంటుంది, కొలిమిలో ఎర్రగా కాల్చగానే అదీ పోతుంది. ఆ ఇనుముతో చేసిన కత్తికి పొద్దున పదును పెడితే మధ్యాహ్నానికి మొద్దుబారుతుంది.

కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో చేయించుకోండి. ఇందులో కర్బనం సుమారు అర శాతానికి పైన ఉంటుంది, పదును నిలుస్తుంది, దెబ్బకు తట్టుకుంటుంది. పాత పట్టీలో సన్నని పగుళ్లు ఉంటే ఆ ముక్క వద్దనండి. కాల్చిన కత్తిని నీళ్లలో కాక నూనెలో ముంచి చల్లార్చమనండి, నీళ్లలో అయితే పగులు రావచ్చు. ఆ తర్వాత మళ్లీ కొద్దిగా వేడి చేయాలి. ఈ రెండో వేడి మానేస్తే కత్తి గాజులా పెళుసుగా ఉండి ముడి మీద పడగానే అంచు ఊడుతుంది. మెరుగు పెట్టిన అంచు ఈ వేడికి లేత గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం ఇలా మారుతూ వస్తుంది. చాకుకు గడ్డి రంగు దగ్గర ఆపాలి, నరికే కత్తికి ఊదా వరకు పోనివ్వాలి.

తయారైన కత్తి కొంటుంటే అంచు మీద ఆకురాయి ఒకసారి లాగి చూడండి. సులువుగా కొరికేస్తే మెత్తని ఇనుము. అసలు పట్టకుండా గాజు మీదలా జారిపోతే మరీ పెళుసు. కష్టం మీద కొద్దిగా పట్టాలి.

సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి పండ్లు కోసే చాకు వరకు స్టెయిన్‌లెస్ మంచిదే. నరికే కత్తికి అవసరం లేదు.

పిడి కోసం తోక చివరిదాకా ఉండి రెండు మూడు రివెట్లు వేసినది చూడండి. తోక గుచ్చిన రకమైతే మొదట్లో పొన్ను బిగువుగా ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ పిడి చెమటకు, పనస జిగురుకు జారుతుంది, చెక్క పిడే నయం.

పదును, శుభ్రం

మొద్దు కత్తే ఎక్కువ గాయాలు చేస్తుంది, ఎందుకంటే బలం ఎక్కువ పెడతాం. చాకుకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు, నరికే కత్తికి 25 వరకు వాలు ఉంచి సానరాయి మీద తడిపి నూరండి. కరెంటు సాన మీద పెట్టిస్తే మాటిమాటికీ నీళ్లలో ముంచమని చెప్పండి. అంచు నీలంగా మారిందంటే అక్కడ గట్టిదనం పోయినట్లే.

పనస కోసే ముందు కత్తికీ చేతులకీ వంట నూనె రాసుకుంటే జిగురు అంటదు. అనాస రసం పులుపు ఇనుమును తింటుంది, పని కాగానే కడిగి, తుడిచి, నూనె రాయండి. తెగులు సోకిన చెట్టు కొమ్మ కోసిన కత్తితో వెంటనే పక్క చెట్టు ముట్టుకోవద్దు, స్పిరిటుతో తుడవండి. జీడిమామిడి పెద్ద కొమ్మలు కోసిన చోట బోర్డో పేస్టు పూయండి.

అడవి హద్దులో జాగ్రత్త

మన తోటలను ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట నేరం. పంట పాడుచేసే అడవి పందిని అయినా అనుమతి లేకుండా చంపకూడదు, ఉచ్చులు పెట్టకూడదు. అదే చట్టం ‘ఆయుధం’ అన్న మాటలో కత్తిని కూడా చేర్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదు. దగ్గరి దారి అని తోట కత్తి పట్టుకుని అడ్డంగా నడిచినా ఇబ్బందే, చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా రండి.

ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తుల మీద ఆంక్ష ఉంది. వ్యవసాయానికి, ఇంటి పనికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన అడుగు కత్తి ఈ మినహాయింపులోకే వస్తుంది. వేట కత్తి పేరుతో కొన్న పొడవాటి బాకును వ్యవసాయపు పనిముట్టు అని నమ్మించడం కష్టం. ఏ కత్తినైనా బండి మీద తీసుకెళ్లేటప్పుడు అంచుకు చీల్చిన పైపు ముక్క తొడిగి, గోనెసంచిలో చుట్టండి.

కత్తి వాడకూడని చోటు

తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి ఆసుపత్రికి వెళ్లండి, ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగండి. పాము కరిస్తే మాత్రం ఆ చోట కత్తితో గాటు పెట్టకండి. దానితో విషం బయటికి రాదు, రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తుంది. నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం కూడా వద్దు. ఉంగరం, మెట్టెలు, గడియారం తీసేసి, కరిచిన కాలో చేయో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేయండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. పామును చంపి తేవడానికి వెనక్కి వెళ్లనక్కరలేదు.