మందు ముందు, ఎంజైమ్ తర్వాత

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఉన్నప్పుడే కొద్ది రోజుల తేడాతో ఇద్దరు తోబుట్టువుల్ని పోగొట్టుకున్నారు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అది సుబ్బారావునూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన గట్టెక్కారు. స్ప్రూ పట్టిన పేగులు పీల్చుకోలేకపోయే వాటిలో ఒక విటమిన్ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ విటమిన్‌ను పనిలోకి దింపే ఎంజైమ్ ఒకటి మన కణాల్లోనే ఉందని తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ ఎంజైమ్ పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ప్రయోగశాలల్లో డీహెచ్ఎఫ్ఆర్ అంటారు. దీని కథ తలకిందులుగా నడిచింది. మామూలుగా ముందు ఎంజైమ్ దొరుకుతుంది, తర్వాత దాన్ని అడ్డుకునే మందు కోసం వెతుకుతారు. ఇక్కడ మందు ముందే వచ్చి పిల్లల ఒంట్లో పనిచేసింది. అది ఎక్కడ పనిచేసిందో పదేళ్ల తర్వాతగానీ తెలియలేదు.

మొదటి ఆనవాలు బొంబాయిలో దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడికి వచ్చి గర్భిణుల్లో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. వాళ్ల రక్తకణాలు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో మాత్రం మామూలు కంటే పెద్దవి. ఇనుము లోపిస్తే కణాలు చిన్నవవుతాయి, కాబట్టి లోపం ఇనుముది కాదు. మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో విల్స్ ఆ ఫలితాలు ప్రచురించారు. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థమేమిటో తెలియక చాలాకాలం దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అని ఆవిడ పేరుతోనే పిలిచారు.

1941లో అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూరను వడగట్టీ శుద్ధి చేసీ అతి కొద్దిపాటి పదార్థం రాబట్టారు. లాటిన్‌లో ఆకును ‘ఫోలియం’ అంటారు గనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

అప్పటికి అమెరికా వెళ్లి జీవరసాయన శాస్త్రవేత్త అయిన సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్నారు. ఆయన బృందం ఆకుకూరల మీద ఆధారపడకుండా ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనికంగా తయారుచేసి 1945లో లోకానికి ప్రకటించింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకిచ్చి చూశారు. వాళ్లకు రక్తం పట్టింది, నీరసం తగ్గింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు తన ప్రయోగశాల నుంచే మందు రావడం ఆధునిక వైద్యంలో అరుదైన సంగతి. కానీ ఇంతకంటే పెద్ద సంగతి దాని వెనకే వచ్చింది.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు ఆయనకు తోచింది. ఇది క్యాన్సర్ కణాలకు మేత అయితే, మేతలా కనిపిస్తూ కడుపు నింపనిది ఇస్తే? అలాంటి నకిలీలు లెడర్లీలో తయారవుతున్నాయి. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒకచోట ఆక్సిజన్ తీసి అమైనో గుంపు పెడితే అమినోప్టెరిన్ వచ్చింది. దానికి ఒక మిథైల్ గుంపు తగిలిస్తే మెథోట్రెక్సేట్ అయింది. 1947 చివర్లో ఫార్బర్ అమినోప్టెరిన్ మొదలుపెట్టారు. 1948 జూన్‌లో వచ్చిన ఆయన వ్యాసం ప్రకారం, 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుతో వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఒంట్లో ఫోలిక్ ఆమ్లం అందకపోవడమే స్ప్రూ రోగుల రక్తాన్ని ఎండగట్టింది. అదే లోటును ఇప్పుడు వైద్యుడు కావాలని, కొలతగా, క్యాన్సర్ కణాల మీదికి తోలాడు. ఆ లోటు ఏ గుమ్మం దగ్గర ఏర్పడుతోందో మాత్రం ఫార్బర్‌కు తెలియదు. తెలుసుకునే అవకాశం సుబ్బారావుకు దక్కలేదు. 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ గుమ్మం కోడి కాలేయంలో దొరికింది. 1958లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మేరీ జేన్ ఆస్బర్న్, హ్యూనెకెన్స్ కోడి కాలేయం నుంచి ఈ ఎంజైమ్‌ను వేరుచేశారు. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ రెండూ దీన్నే పట్టుకుని కదలనివ్వడం లేదని వాళ్లే చూపించారు. అంతకుముందే, 1956లో మిన్ చూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో మావి కణాల నుంచి పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను అదుపు చేయగలిగారు. మందు పనిచేసే చోటు తెలియకుండానే మనుషులు బతికి బయటపడుతున్నారన్నమాట.

ఇంతకీ ఈ ఎంజైమ్ చేసే పనేమిటి? కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకి నకలు కావాలి. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమీన్ తయారవడానికి ఒక కార్బన్ పరమాణువు చేరవేయాలి. ఆ సరుకు మోసే బండి టెట్రాహైడ్రోఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లపు చలాకీ రూపం. సరుకు దించిన ప్రతిసారీ ఈ బండి టైర్లలో గాలి పోతుంది, డైహైడ్రోఫోలేట్‌గా మారి కూలబడుతుంది. గాలి కొట్టి మళ్లీ రోడ్డెక్కించేది డీహెచ్ఎఫ్ఆర్. దాన్ని ఆపేస్తే కణంలో ఫోలేట్ ఉన్నా అంతా గాలిపోయిన బళ్ల వరసే. థైమీన్ లేదు, డీఎన్ఏ నకలు లేదు. రోజూ లెక్కలేనన్ని కణాలు చీలే ఎముక మజ్జ ముందుగా దెబ్బతింటుంది. అక్కడ కణం పెరుగుతుందిగానీ చీలలేదు, అందుకే లావెక్కుతుంది. బొంబాయి గర్భిణుల్లో విల్స్ చూసిన పెద్ద రక్తకణాలకు కారణమిదే.

ఇంత పని చేసే అణువు చాలా చిన్నది. మనిషిలో దీని జన్యువు ఐదో క్రోమోజోమ్ మీద ఉంది. 187 అమైనో ఆమ్లాలకు అందులో రాత ఉంటే, మొదటిది తయారీలోనే తెగిపోయి 186 మిగులుతాయి. ఆ గొలుసు ముడుచుకున్నాక మధ్యలో ఎనిమిది పట్టీలు పక్కపక్కన అమరి కాస్త మెలితిరిగిన చాపలా ఉంటాయి, చుట్టూ నాలుగు చుట్టల మెట్లు. వీటి నడుమ ఒక లోతైన ఇరుకు. అందులోకి ఒకవైపు నుంచి డైహైడ్రోఫోలేట్, ఇంకోవైపు నుంచి ఎన్ఏడీపీహెచ్ వచ్చి కూర్చుంటాయి. మొదటిది ఫోలిక్ ఆమ్లం సంతతి, రెండోది నియాసిన్ అనే మరో బి విటమిన్ నుంచి తయారైనది. రెండు విటమిన్లు పక్కపక్కన చేరగానే ఎన్ఏడీపీహెచ్ తన హైడ్రోజన్‌ను ఎలక్ట్రాన్లతో సహా అందిస్తుంది. ఇరుకు అడుగున 30వ స్థానంలో ఉన్న గ్లూటమిక్ ఆమ్లం ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కుదురుస్తుంది.

నకిలీ అసలును ఎలా మోసం చేస్తోందో 1977లో కళ్లకు కట్టింది. కాలిఫోర్నియాలో డేవిడ్ మాథ్యూస్, జోసెఫ్ క్రౌట్ బృందం ఎక్స్‌రేల సాయంతో, మెథోట్రెక్సేట్ పట్టి ఉన్న బ్యాక్టీరియా డీహెచ్ఎఫ్ఆర్ ఆకారాన్ని గీసింది. మందు కూర్చున్న తీరు అసలు ఫోలేట్ తీరు కాదని తర్వాత తేలింది. మెథోట్రెక్సేట్ తల భాగం బోర్లా తిరిగి ఇరుకులో దిగింది. ఒక్క అమైనో గుంపు మార్పుతో వచ్చిన తిరగబాటు అది. అసలు ఫోలేట్ కంటే దాదాపు వెయ్యి రెట్లు గట్టిగా అంటుకోవడానికి మూలం అక్కడే ఉంది.

డీహెచ్ఎఫ్ఆర్ మనకే కాదు, బ్యాక్టీరియాకూ మలేరియా క్రిమికీ ఉంది. అయితే మూడింటి ఇరుకులూ ఒక్కలా ఉండవు. జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అనే మందుల పరిశోధకులు ఈ తేడానే నమ్ముకున్నారు. వాళ్ల బృందం నుంచి వచ్చిన ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియా ఎంజైమ్‌ను వేల రెట్లు బలంగా పట్టుకుని మన ఎంజైమ్‌ను దాదాపు వదిలేస్తుంది. మన మందుల షాపుల్లో సెప్ట్రాన్ పేరుతో దొరికేదాంట్లో ఒక భాగం అదే. మలేరియాకు పైరిమెథమిన్ వచ్చింది. మలేరియా క్రిమి మాత్రం తన ఎంజైమ్‌లో 108వ అమైనో ఆమ్లాన్ని మార్చుకుని మందుకు చోటు లేకుండా చేసుకుంది. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ బహుమతి దక్కింది. సుబ్బారావుకు నోబెల్ రాలేదు. ఆయన బతికుండగా ఆయన పనికి తగిన గుర్తింపు రాలేదన్న బాధ ఆయన జీవితం చదివిన తెలుగువాళ్లెవరికైనా కలుగుతుంది.

క్యాన్సర్ కణాలది వేరే ఎత్తు. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం మెథోట్రెక్సేట్‌కు లొంగని ఎలుక కణాల్ని పరిశీలించింది. డీహెచ్ఎఫ్ఆర్ జన్యువు ప్రతులు వాటిలో వందల్లో కనిపించాయి. మందు ఎన్ని ఎంజైమ్‌లను కట్టేసినా ఇంకా మిగిలే ఉంటున్నాయి. రోగికి నష్టం చేసిన ఈ ఎత్తును మనిషి తన లాభానికి మలుచుకున్నాడు. డీహెచ్ఎఫ్ఆర్ లేని చిట్టెలుక కణాల్లోకి ఆ జన్యువుతో పాటు కావలసిన ప్రొటీన్ జన్యువునూ చేర్చి, మెథోట్రెక్సేట్ మోతాదు పెంచుతూ పోతే రెండూ కలిసి ప్రతులు పెంచుకుంటాయి. ఈనాటి ఎన్నో బయోటెక్ మందులు ఇలాంటి కణాల్లోనే ఉత్పత్తి అవుతున్నాయి.

ఇక మనం తినే ఫోలేట్ సంగతి. ఆకుకూరల్లోని ఫోలేట్ చాలావరకు ముందే క్షయకరణం చెంది, అంటే హైడ్రోజన్ అందుకుని, ఉంటుంది. గర్భిణులకిచ్చే మాత్రల్లోని ఫోలిక్ ఆమ్లం మాత్రం మొదట డీహెచ్ఎఫ్ఆర్ చేతుల మీదుగానే పోవాలి, ఆ పనిలో మనిషి ఎంజైమ్ నిదానం. అయినా మాత్ర మానకూడదు. గర్భం మొదటి వారాల్లో బిడ్డ వెన్నెముక రూపుదిద్దుకోవడానికి ఫోలిక్ ఆమ్లం ఎంత అవసరమో ఇప్పుడు నిస్సందేహంగా తెలుసు. అదే కారణంతో గర్భిణులు మెథోట్రెక్సేట్ వాడకూడదు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడకానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మన ఇళ్లల్లోనూ కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఈ మాత్ర వాడుతున్నవాళ్లున్నారు. ఆ మోతాదు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకునే మాత్ర అనుకుని పొరబడితే మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ మందు రాసినప్పుడు, వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు చీటీ మీద డాక్టరు చేతే రాయించుకోండి.