జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ లిటరల్ పరిణామం

బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ సంస్థలో రూపొందించిన జావాస్క్రిప్ట్‌లో, పేర్లనూ వాటి విలువలనూ జతలుగా నిలిపి ఉంచే ఆబ్జెక్ట్ మొదటినుంచీ ఉన్నప్పటికీ, దాన్ని సృష్టించడానికి ‘న్యూ’ అనే పదంతో ముందుగా ఖాళీ ఆబ్జెక్టును తయారుచేసి, ఆపైన ఒక్కొక్క గుణాన్నీ విడివిడి వాక్యాలలో చేర్చవలసి వచ్చేది. 1997 నాటి జావాస్క్రిప్ట్ 1.2, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పేరు, కోలన్, విలువ అనే వరుసలో జతలను రాసి, వాటిని కామాలతో వేరుచేస్తే ఆబ్జెక్ట్ మొత్తం ఒకేసారి సిద్ధమయ్యే సంక్షిప్త రూపాన్ని, అంటే ఆబ్జెక్ట్ లిటరల్‌ను, ప్రవేశపెట్టగా, జావాస్క్రిప్ట్ ప్రామాణిక నిర్దేశమైన ఎక్మాస్క్రిప్ట్ 1999 డిసెంబరులో వెలువడిన తన మూడవ కూర్పులో దానిని ప్రమాణంగా స్థిరపరచింది.

ఈ రూపాన్నే ఆధారం చేసుకొని, డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2001 ప్రాంతంలో, కంప్యూటర్ల మధ్య సమాచార మార్పిడికి జేసన్ అనే పద్ధతిని నిర్దేశించాడు. అందులో ప్రతి పేరూ జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉండితీరాలి, చివరి జత తర్వాత కామా ఉండరాదు. ఆ చివరి కామాను 2009 నాటి ఎక్మాస్క్రిప్ట్ అయిదవ కూర్పు ఆబ్జెక్ట్ లిటరల్‌లో అనుమతించినా, జేసన్ మాత్రం నేటికీ అంగీకరించదు. వేరియబుల్ పేరూ గుణం పేరూ ఒకటే అయినప్పుడు, దానిని రెండుసార్లు రాయనక్కరలేని సౌలభ్యం ఆబ్జెక్ట్ లిటరల్‌కు 2015లో వచ్చింది. టైపింగ్ శ్రమను తగ్గించే వెసులుబాటుగా మొదలైన ఆబ్జెక్ట్ లిటరల్ రాతపద్ధతి, జేసన్ ద్వారా జావాస్క్రిప్ట్ ఎల్లలు దాటి, ఇతర ప్రోగ్రామింగ్ భాషలకూ సమాచార వాహకమైంది.