కోనసీమ వేదాధ్యయనము: ప్రాచీనభాషల స్వరము, స్మృతి

గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రతీరము వఱకు వ్యాపించిన కోనసీమ అగ్రహారములలో, తండ్రినుండి కుమారునకును గురువునుండి శిష్యునకును ముఖతః సంక్రమించుచు వచ్చిన కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖాధ్యయనము, వైదికసంస్కృతమును సజీవధ్వనిగా నిలిపిన సంప్రదాయములలో నొకటి. అమలాపురము చుట్టుపట్ల ముక్కామల, వ్యాఘ్రేశ్వరము, నేదునూరు మున్నగు గ్రామములు దీనికి ప్రసిద్ధములు. ప్రాచీన గ్రీకుభాషా పండితులు వ్రాతలనుండి ఊహించి పునర్నిర్మింపవలసివచ్చిన స్వరవ్యవస్థకు సోదరప్రాయమైనది ఇచ్చటి బాలుర కంఠములలో నేటికిని వినవచ్చుటచే, ఈ అధ్యయనము భాషాశాస్త్రమునకును, మానవస్మృతిని గూర్చిన విచారణకును గూడ విలువైన ఆధారము.

అధ్యయనక్రమము: ఉపనయనానంతరము బాలునకు గురువు 'సంత' చెప్పును, గురువు పలికినదానిని శిష్యుడు అదే స్వరముతో మరల మరల పలికి, పిమ్మట 'వల్లె' వేసి స్థిరపఱచుకొనును. పాఠ్యభాగము మొత్తము 82 పన్నములు (ప్రశ్నములను అధ్యాయములు): సంహితయందు 44, బ్రాహ్మణమునందు 28, ఆరణ్యకమునందు 10. సంహిత యొక్కటియే 7 కాండములుగను, 651 అనువాకములుగను విభక్తమై, అనువాకములు ఏబదేసి పదముల 'పనస'లుగా గణింపబడుచున్నవి. సంహిత ముగిసిన పిదప పద, క్రమ, జటా, ఘనపాఠములు వచ్చును. వరుసగా నున్న మూడు పదములను 1, 2, 3 అనుకొన్నచో, ఘనలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని పదుమూడు పదములు పలికి, తరువాత 2-3, 3-2, 2-3-4 అని రెండవ పదమునుండి మరల అల్లుకొనుచు పోవలెను. పదముల వరుస మాఱిన చోటనెల్ల సంధి మాఱును, సంధితోపాటు స్వరమును మాఱవచ్చును. కావున వ్యాకరణసూత్ర మొక్కటియైన చదువకమున్నే విద్యార్థి సంధిస్వర నియమములను నాలుకపై నిలుపుకొనుచున్నాడు. ఒక్క పదము జాఱినను అల్లిక తెగును గనుక, దోషము వెంటనే బయటపడును. ఈ దశను దాటినవారికే ఘనాపాఠి యను గౌరవము.

గ్రీకుభాషతో సాదృశ్యము: 1786లో కలకత్తాలో విలియం జోన్సు సంస్కృత గ్రీకు లాటిన్ భాషల సామ్యమును ఉద్ఘోషించిన నాటినుండి, ఈ భాషల పోలిక తులనాత్మక భాషాశాస్త్రమునకు పునాదియైనది. ద్వివచనము, భూతకాల క్రియకు ముందు చేరు ఆగమము, ఆత్మనేపదమునకు సమానమైన క్రియారూపములు, ఉదాత్తస్వరము, ఇవి సంస్కృత గ్రీకులు రెండింటను కలవు. తండ్రిని చెప్పు 'పితా', 'పతేర్' అను రూపములలో ఉదాత్తము రెంటియందును తుదియచ్చుపైననే నిలుచుట ఈ బాంధవ్యమునకు స్పష్టమైన నిదర్శనము. గ్రీకులో స్వరచిహ్నములను క్రీ.పూ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని అరిస్టోఫనీస్ కల్పించెనని ప్రతీతి. హోమరు కావ్యపాఠమును సంస్కరించు యత్నమునుండియే అచ్చట వ్యాకరణము పెరిగినది. ఇచ్చట వేదరక్షణకై పదపాఠములు, ప్రాతిశాఖ్యములు పుట్టినవి. అయితే గ్రీకులో కాలక్రమమున స్వరభేదము ఊనికగా మాఱి చిహ్నములు మాత్రము మిగిలినవి. తైత్తిరీయ పఠనములోను మార్పు కలుగకపోలేదు: ప్రాచీనకాలమున ఉన్నతమైన ఉదాత్తము నేడు మధ్యస్థాయిని నిలువగా, స్వరితము పైకెక్కుచున్నది. అయినను ఉదాత్తము, అనుదాత్తము, స్వరితము అను మూడు స్వరముల పరస్పర భేదము చెదరక నిలిచియున్నది.

బుద్ధిపై ప్రభావము: జేమ్సు హార్ట్జెల్ ప్రభృతులు 2016లో ప్రకటించిన పరిశోధనలో, భారతదేశమున శుక్లయజుర్వేదము కంఠస్థము చేసిన 21 మంది పండితుల మెదడులను, అంతే సంఖ్యగల ఇతరులతో పోల్చిచూచి, భాషకును, స్మృతికిని, దృష్టికిని సంబంధించిన భాగములలో నిర్మాణభేదములను కనుగొనిరి. ఆ భేదము అధ్యయనముచేతనే కలిగినదని నిర్ణయించుటకు, బాలురను చదువు మొదలిడిన నాటినుండి కొన్నియేండ్లపాటు పరీక్షింపవలసియుండును. ప్రాచీనభాషలు బుద్ధిని సర్వవిషయములందును పదును పెట్టునను పాతవాదమును మాత్రము పరిశోధనలు బలపఱచలేదు: 1924లో థార్న్‌డైక్ దానిని సందేహించెను, 2003లో హాగ్, స్టెర్న్ అను పరిశోధకులు, స్పానిషు నేర్చుకొనుటకు లాటిన్ చదివినవారికంటె ఫ్రెంచి చదివినవారికే ఎక్కువ తోడ్పాటు కలిగినదని చూపిరి. కావున ప్రాచీనభాషాధ్యయన ఫలము దేనిని అభ్యసించిన దానియందే ప్రధానముగా ప్రకటమగును: ధ్వనియందు సూక్ష్మశ్రద్ధ, పదరూపమును విడదీసి చూచు నేర్పు, దీర్ఘపాఠమును ధరించు స్మృతి. ఇవి సామాన్యలాభములు కావు. మఱియొక లాభమును చూపి సమర్థింప నక్కఱలేదు.

ప్రస్తుతస్థితి: అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాచార్యుడు డేవిడ్ నైప్, 1980 నుండి కోనసీమలో శ్రౌతాగ్నులను నిలుపుకొను ఆహితాగ్ని కుటుంబముల జీవనమును పరిశీలించి, 2015లో 'వేదిక్ వాయిసెస్' అను గ్రంథమును వెలయించెను. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి మౌఖిక వారసత్వముగా గుర్తించినది. అగ్రహారముల భూవసతి తగ్గుటయు, ఆంగ్లవిద్యవైపు కుమారులు మరలుటయు విద్యార్థుల సంఖ్యను క్షీణింపజేసినవి. ఈ విద్య చిరకాలము బ్రాహ్మణ పురుషులకు మాత్రమే పరిమితమై యుండుటయు దాని పరిధిని సంకుచితము చేసినది. ధ్వనిముద్రణము పాఠమును భద్రపఱచగలదు గాని, శిష్యుని తప్పును ఆ క్షణముననే పట్టి సవరించు గురువు స్థానమును ఆక్రమింపజాలదు; అందుచే వేదవిదుల జీవనమునకు ఆదరువు కల్పించుటయు, భాషాశాస్త్రవేత్తలు వారి సన్నిధిని కూర్చుండి వినుటయు నేడు ఒక్కతీరుగ ఆవశ్యకములు.